మూటలో మూట

ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూసి, పది అడుగులు నడిచి, వెనక్కొచ్చి నాలుగోసారి లాగి చూసే జాతి మాది. మాది అంటే నాదీ, మా అమ్మదీ. నాన్నకు ఈ జబ్బు లేదు. "ఏదో ఒకరోజు తాళంతో పాటు తలుపు కూడా ఊడి మీ చేతికొస్తుంది," అనేవారు. అమ్మకైతే ప్రార్థన ఉంది. రోజంతా పోగేసుకున్న భయాలన్నీ పడుకోబోయే ముందు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ ప్రభువుకు అప్పజెప్పి, హాయిగా గుర్రు పెట్టేది. నాకు ఆ విద్య అబ్బలేదు. ప్రార్థన అయ్యాక అందులో ఏదైనా చెప్పడం మర్చిపోయానేమోనని మళ్లీ మొదటికొచ్చేదాన్ని.

అలాంటిదాన్ని పోయి పోయి కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే పనిలో పడ్డాను. తొంభైల మొదట్లో సంగతి ఇది. డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఆరు నెలలు సి లాంగ్వేజ్ నేర్చుకున్నాను. మా చర్చిలో ఆర్గాన్ వాయించే ఆయన సినిమా రికార్డింగులకు కూడా వాయించేవారు. ఆయన ఒక మాట వేస్తే ఫిల్మ్ నగర్‌లో సినిమాలు తీసే ఒక కంపెనీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. సినిమా ఆఫీసులో ఆడపిల్లకు ఉద్యోగమేమిటని అమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "కూర్చునేది కంప్యూటర్ ముందు, కెమెరా ముందు కాదు," అని నాన్న సర్దిచెప్పారు.

ఆఫీసంటే వాలు మీద బండలు పగలగొట్టి కట్టిన రెండంతస్తుల ఇల్లు. కింద ప్రొడక్షన్ మేనేజర్ గది, దాని వెనక బట్టల గది, పైన కథా చర్చలు. ఏసీ ఉన్నది ఒక్క కంప్యూటర్ గదికే. చెప్పులు బయట విడిచి రావాలి. మానిటర్ నుదుట కుంకుమ బొట్టు ఉండేది, శుక్రవారం శుక్రవారం ఎవరో కొత్తది పెట్టేవారు. ఎండాకాలం మధ్యాహ్నాలు పైనున్న రచయితలు "కంప్యూటర్ ఎలా పనిచేస్తుందో చూద్దామని" దిగివచ్చి, నా వెనక కుర్చీల్లో కునుకు తీసేవారు.

నన్ను పెట్టుకున్నది ఒకే పని కోసం. ఔట్‌డోర్ షూటింగుకు వెళ్లేటప్పుడు ఏ సీనుకు ఏ బట్టలు, ఏ నగలు బయల్దేరాలో కంప్యూటర్‌లోంచి లిస్టు తీయాలి. అప్పటిదాకా ఆ లిస్టు ఒక్క మనిషి బుర్రలో ఉండేది. ఆయన మా కాస్ట్యూమర్. యాభై అయిదు దాటిన మనిషి. మద్రాసులో ముప్పై ఏళ్లు పనిచేసి, పరిశ్రమ ఇటు తరలినప్పుడు తనూ తరలివచ్చారు. యూసుఫ్‌గూడలో రెండు గదుల వాటాలో భార్యతో ఉండేవారు. నన్ను అమ్మాయ్ అని పిలిచేవారు, నేను బాబాయ్ గారూ అనేదాన్ని.

మొదటి రోజే ఆయన బట్టల గదిలో చాప వేసి నన్ను కూర్చోబెట్టారు. "ముందు మూట ఎలా కట్టాలో తెలుసుకోమ్మా. తర్వాత నీ మిషన్‌కి ఎలా చెప్పాలో అదే తెలుస్తుంది."

పాత లుంగీ గుడ్డలో సీనుకొక మూట. దాన్లో పాత్రకొక చిన్న మూట. నగలుంటే ఆ చిన్న మూటలో చేతిరుమాలు ముడి. ప్రతి మూటకూ పిన్నీసుతో ఒక చీటీ. అంతవరకు ఎవరైనా కడతారు. ఆయన ప్రత్యేకత ఫ్లాష్‌బ్యాక్ దగ్గర. ఫ్లాష్‌బ్యాక్ బట్టల్ని విడిగా కట్టేవారు కాదు. ఆ సంగతి ఏ పాత్రకు గుర్తొస్తుందో ఆ పాత్ర మూటలోనే కట్టేవారు.

"విడిగా కట్టుకోవచ్చు కదండీ?" అన్నాను.

"విడిగా ఎక్కడుంటుందమ్మా జ్ఞాపకం? ఆ మనిషిలోనే కదా ఉండేది. ఇవాళ ముసలావిడ చేతికున్న కడియమే ఆనాడు పెళ్లికూతురి చేతికీ ఉండాలి. రెండూ ఒక్కచోట ఉంటేనే తేడా నా కంటికి ఆనుతుంది."

అప్పుడు తయారవుతున్న సినిమాలో ఒక నాయనమ్మ తన పెళ్లి గుర్తుచేసుకుంటుంది. ఆ పెళ్లిలో ఇంకో ముసలావిడ, ఈమెకు ముత్తవ్వ, తన చిన్ననాటి కథ చెబుతుంది. ఆయన ఆ మూట విప్పి చూపించారు. సీను మూట, అందులో నాయనమ్మ మూట, అందులో ఆమె పెళ్లి మూట, అందులో ముత్తవ్వ కథ. ఆయన చేతులు విప్పుకుంటూ పోతున్నాయి, ఎక్కడా తడుముకోవడం లేదు. ప్రతి మూట దగ్గరా అదే పని. విప్పడం, వస్తువుంటే పక్కన పెట్టడం, మూట ఉంటే మళ్లీ విప్పడం. ఎన్ని ఉన్నాయని ఆయన ముందుగా లెక్క చూసుకోలేదు. ఇంకేమీ లేనప్పుడు ఆగారు.

నేను మాత్రం లెక్క చూసుకున్నాను. నాకు నేర్పిన చదువు అది. ప్రోగ్రాములో అర్రే అని ఒకటుంటుంది. అరలూ గడులూ ఉన్న బీరువా అనుకోండి. ఎన్ని అరలు, అరకెన్ని గడులు, గడిలో మళ్లీ ఎన్ని చిన్న గడులు అన్నది ముందే చెప్పి చేయించుకోవాలి. నేను అయిదు వరుసల లోతున్న బీరువా చేయించుకున్నాను. అన్ని సీన్లకూ అయిదే. సీను, పాత్ర మాత్రమే ఉన్నచోట మిగతా మూడు వరుసలు ఖాళీగా పడి ఉండేవి. మూటలు అలా ఉండవు కదా, ఒకటి రెండు ముడులకే అయిపోతుంది, ఇంకోటి పోతూనే ఉంటుంది. ఆ సంగతి కళ్లారా చూసి కూడా అయిదు చాలనుకున్నాను.

బీరువా లేకుండా చేసే మార్గం ఒకటి ఉందని తెలుసు. ఫంక్షన్, అంటే ఒక పని చేసే చిన్న ప్రోగ్రాము ముక్క, పని మధ్యలో తనను తానే పిలుచుకునేలా రాయడం. ఎంత లోతుంటే అంత లోతుకు దిగుతుంది. ఇన్‌స్టిట్యూట్‌లో ఒకసారి రాశాను. ఎక్కడ ఆగాలో చెప్పడం మరిచిపోయాను. అది తనను తాను పిలుచుకుంటూ పోయి పోయి, మెషిన్ బిగుసుకుపోయింది. ముప్పై మంది ముందు మా సారు "దీనికి బుద్ధి చెప్పేవాళ్లు లేరా?" అన్నారు. మెషిన్‌ని అన్నారో నన్ను అన్నారో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి ఆ ఫంక్షన్ అంటే నాకు ఒళ్లు జలదరించేది.

ప్రోగ్రామును అప్పటికే విడుదలైన ఒక పాత సినిమా మూటలతో పరీక్షించాను. అది మొదటి నుంచి చివరిదాకా తిన్నగా నడిచే కథ, ఒక్క ఫ్లాష్‌బ్యాక్ కూడా లేదు. లిస్టు ముత్యాల్లా వచ్చింది. మేనేజర్ గారు ఆ కాగితాన్ని ఆఫీసంతా తిప్పి చూపించి, మిఠాయిలు తెప్పించి పంచారు.

తర్వాత కొత్త సినిమా. కాస్ట్యూమర్ గారు పక్కన కూర్చుని ఒక్కొక్క మూటా విప్పుతూ చెబుతుంటే నేను కొడుతూ పోయాను. మూట మొదలైతే ఒక బ్రాకెట్, ముగిస్తే ఇంకో బ్రాకెట్. నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు ప్రోగ్రాము నడిపితే ఇరవై మూడో సీను దగ్గర మెషిన్ బిగుసుకుపోయింది. అక్కడ ముత్తవ్వ కథలో నగల ముడి ఆరో లోతులో ఉంది. ఆరో వరుస పెడదామంటే మెమరీ చాలదని మొరాయించింది. అప్పుడే మేనేజర్ గారు గుమ్మంలో నిలబడ్డారు. "ఏమ్మా, అయిందా? డైరెక్టర్ గారు కింద ఉన్నారు."

ముచ్చెమటలు పోశాయి ఆ ఏసీలో. ప్రోగ్రాములో ఒక లైను రాశాను. లోతు అయిదు దాటితే ఆ వస్తువును వదిలేసి ముందుకు పొమ్మని. మర్నాడు సరిచేద్దాం, ఈ పూట గండం గడిస్తే చాలు అనుకున్నాను. మెషిన్ కదిలింది. ప్రింటర్ గీరుమంటూ కాగితాలు కక్కింది. మర్నాడు మేనేజర్ గారు ఉత్తరాలు టైపు చేయమన్నారు, ఆ మర్నాడు ఇంకేదో. గ్యాస్ కట్టేశానా, కొళాయి కట్టేశానా, బస్సు పాసు తెచ్చుకున్నానా అని రోజంతా వణికే నేను, ఆ లైను సంగతి శుభ్రంగా మర్చిపోయాను.

అప్పటి నుంచి మూటలు కట్టొద్దని మేనేజర్ గారి ఉత్తర్వు. లిస్టు చదవాలి, వస్తువు తీయాలి, టిక్కు పెట్టాలి, ట్రంకు పెట్టెలో పేర్చాలి. లిస్టులో లేనిది ఆ షెడ్యూలుది కాదని బీరువాలో పెట్టెయ్యాలి. అందుకోసం నగల చేతిరుమాలు ముడులు తప్ప మూటలన్నీ విప్పేశారు. లిస్టేమో ఇంగ్లీషు పెద్దక్షరాల్లో వచ్చేది, మా ప్రింటర్‌కు తెలుగు రాదు. కాస్ట్యూమర్ గారికి ఇంగ్లీషు రాదు. కాబట్టి నేను చదవడం, ఆయన వెతకడం.

మొదటి షెడ్యూలు సర్దేటప్పుడు ఆయన ఒక వెండి కడియం చేతిలో పట్టుకుని ఆగారు. "అమ్మాయ్, ఇది ఇరవై మూడో సీనుది కాదూ?"

కాగితం పైనుంచి కిందకు చూశాను. "లేదండీ బాబాయ్ గారూ. తర్వాత షెడ్యూలుకేమో."

"అవునా? అయితే తర్వాతదేమోలే," అని బీరువాలో పెట్టేశారు.

నాలుగో రోజు లొకేషన్ నుంచి ఫోను. కడియం లేదు. ఆ పాత్ర చేసే ఆవిడ ఆ ఒక్క రోజుకే వచ్చింది. షూటింగు ఒక పూట ఆగిపోయింది. మేనేజర్ గారు యూనిట్ అందరి ముందూ కాస్ట్యూమర్ గారిని చెడామడా తిట్టారట. ఆఫీసుకొచ్చాక అవే తిట్లు నా ముందు మరోసారి తిట్టారు.

"మిషన్‌కి చెప్పడమే మర్చిపోయావంటే ఇంక నీ చేతికి డిపార్ట్‌మెంటు ఎలా ఇవ్వనయ్యా? వయసైపోయింది నీకు. వచ్చే షెడ్యూల్‌లో ఒక్కటంటే ఒక్కటి తక్కువైనా వేరే మనిషిని చూసుకుంటాను. ముందే చెబుతున్నా."

"నేనే మర్చిపోయుంటానండీ," అన్నారాయన. అమ్మాయి లేదంది అని ఒక్క మాట అనలేదు. అంటారేమోనని నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.

ఆయన వెళ్లాక లిస్టు తీసి చూశాను. కడియం లేదు. అంటే ఆయన నాకు చెప్పలేదన్నమాట, తప్పు నాది కాదన్నమాట. హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్యే నా కొంప ముంచింది. నేను కొట్టిన అసలు ఫైలు తెరిచి చూడాలన్న ఆలోచన రాలేదు. నాలుగోసారి కూడా తాళం లాగి చూసేదాన్ని, ఆ ఒక్కసారి తలుపు వంక చూడలేదు.

తర్వాత నెల రోజులూ కాస్ట్యూమర్ గారిలో మార్పు నా కళ్ల ముందే జరిగింది. ఎడమచేతి చూపుడువేలికి ఎర్రదారం కట్టుకున్నారు, గుర్తుంచుకోవాల్సింది ఉందని గుర్తుండటానికట. జేబులో సరస్వతి ఆకు పొడి పొట్లం. జ్ఞాపకశక్తికి మంచిదని భార్య తెప్పించింది, పొద్దున ఒక చిటికె, మధ్యాహ్నం ఒక చిటికె. టీ తాగుతూ నన్ను పరీక్ష పెట్టమనేవారు. "పదిహేడో సీనులో కోడలి గాజులు ఏ రంగో అడుగమ్మా." అడిగితే ఠకీమని చెప్పేవారు. చెప్పాక నా మొహం వంక చూసేవారు. "లిస్టులో చూసి చెప్పు, కరెక్టేనా?" ముప్పై ఏళ్ల కిందటి సినిమాలో ఏ పంచెకు ఏ అంచో కూడా చెప్పగలిగిన మనిషి, నేను కాగితం చూసి తలూపితే గానీ టీ గుటక వేసేవారు కాదు. నాకు జాలేసేది. పెద్దవాళ్లయ్యాక అంతేలే అనుకునేదాన్ని. అలా అనుకున్నందుకు ఇప్పుడు చెంపలు వేసుకోవాలనిపిస్తుంది.

రెండో షెడ్యూలు సర్దే రోజు వచ్చింది. వికారాబాద్ అడవుల వైపు వారం రోజుల ఔట్‌డోర్. మేనేజర్ గారు పెట్టెల పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నేను చదువుతున్నాను. ఒక్క వస్తువు తక్కువైతే కాస్ట్యూమర్ గారి ఉద్యోగం పోతుంది, ఆ వయసులో ఇంకో కంపెనీ ఆయన్ని పిలవదు. ఆ సంగతి గదిలో ముగ్గురికీ తెలుసు. నలభై ఒకటో సీను అయ్యింది, నలభై రెండు అన్నాను. ఆయన కదల్లేదు. బల్ల మీద ఒక చేతిరుమాలు ముడి ఉంది, దాని వంకే చూస్తున్నారు. వేలికున్న దారాన్ని తిప్పుకుంటున్నారు.

"అమ్మాయ్, నలభై ఒకటిలో... ముక్కెర ఏమైనా ఉందా?"

మళ్లీ చూశాను, వేలు పెట్టి మరీ చూశాను. "లేదండీ బాబాయ్ గారూ."

"ఉండాలనిపిస్తోందమ్మా."

"అనిపించడమేంటయ్యా?" అన్నారు మేనేజర్ గారు. "లిస్టులో లేనిది పెట్టె ఎక్కదు. నీకు అనిపించినవన్నీ ఎక్కించుకుంటూ పోతే ఇంక ఈ కంప్యూటర్ ఎందుకు?"

కాస్ట్యూమర్ గారు నా వంక చూశారు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. తన బుర్ర మీద తనకు నమ్మకం లేక, నా కాగితాన్ని బతిమాలుతున్నట్టు చూశారు. "సరేలెండి. అమ్మాయి చూసింది కదా. చీటీ నేనే తప్పు రాసుంటాను," అని ఆ ముడి పక్కన పెట్టేశారు.

పన్నెండున్నరకు వ్యాను బయల్దేరింది. వాళ్ల పద్ధతి నాకు తెలుసు. ముందు యూసుఫ్‌గూడ వెళ్లి ఇస్త్రీ చేసే ఆయన్ని, ఆయన సామాను ఎక్కించుకుంటారు. భోజనాలవుతాయి. తర్వాత యూనిట్ బళ్లన్నీ జూబ్లీహిల్స్‌లో అమ్మవారి గుడి దగ్గర కలుస్తాయి. అక్కడ బళ్లకు దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టాకే ఏ ఔట్‌డోర్‌కైనా కదిలేది.

నేను క్యారేజీ తెరిచాను, అన్నం సహించలేదు. బట్టల గది తాళం వేద్దామని వెళ్లాను. వేసే ముందు అలవాటు ప్రకారం అన్నీ ఒకసారి చూసుకున్నాను. బల్ల మీద ఆ ముడి అలాగే ఉంది. బీరువాలో పెడదామని తీశాను. పిన్నీసుకు చీటీ, ఆయన గుండ్రటి తెలుగు అక్షరాలు. నలభై ఒకటి. నాయనమ్మ. ఆవిడ పెళ్లి. అందులో ముత్తవ్వ చెప్పిన కథ. చిన్నప్పటి ముత్తవ్వ. ముక్కెర.

వేళ్ల మీద లెక్కపెట్టాను. ఒక చేతి వేళ్లు అయిపోయాయి, ఇంకోటి మిగిలింది.

కంప్యూటర్ గదిలోకి చెప్పులతోనే పరిగెత్తాను. నేను కొట్టిన ఫైలు తెరిచాను. నలభై ఒకటో సీనులో బ్రాకెట్ లోపల బ్రాకెట్, లోపల బ్రాకెట్, చిట్టచివర ముక్కెర ఉంది. ఇరవై మూడుకు వెళ్లాను. కడియం ఉంది. రెండూ నా చేత్తో కొట్టినవే. ఆయన అన్నీ చెప్పారు. ఒక్కటీ మరిచిపోలేదు. ప్రోగ్రాము తెరిచి కిందకు దిగుతూ పోతే ఆ లైను కనబడింది. అయిదు దాటితే వదిలెయ్యి.

మర్చిపోయింది నేను. మర్చిపోవడమే కాదు, మర్చిపొమ్మని మెషిన్‌కు ఆజ్ఞ రాసిచ్చింది కూడా నేనే. ఆ పొడి తినాల్సింది నేను.

వెంటనే లేచి పరిగెత్తానని రాసుకుంటే బాగుండును. అలా జరగలేదు. దాదాపు అరగంట ఆ కుర్చీలోనే కూర్చున్నాను. వెళ్తే మేనేజర్ గారి ముందు చెప్పాలి, లిస్టులో లేనిది పెట్టె ఎక్కదు కాబట్టి ఆయనకు చెప్పకుండా కుదరదు. చెబితే ఉద్యోగం పోతుంది. పోతే ఆర్గాన్ ఆయన మొహం ఎలా చూడాలి, అమ్మ ఏమంటుంది, ఇంకెవరు పని ఇస్తారు. ఒక భయం లోపల ఇంకో భయం, దాని లోపల ఇంకోటి, అడుగు కనబడలేదు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా ఆలోచించాను. ఆ లైను చెరిపేస్తే ఎవరికీ తెలియదు. ముడిని బీరువాలో పెట్టేస్తే, ముసలాయనే మరిచిపోయాడంటారు. ఆయనే అంటారు. ఆయన అప్పటికే నమ్మేశారు కదా. ఆ ముడిని బీరువా దాకా తీసుకెళ్లాను కూడా.

బీరువా తలుపు లోపల, ఆయన అద్దం పక్కన, ఖాళీ పొట్లాలు మేకుకు గుచ్చి ఉన్నాయి. సరస్వతి ఆకు పొడివి. ఒక్క పూట కూడా మానకుండా తిన్నట్టు ఆనవాలు, ఇది కూడా మరిచిపోకుండా. ఇంక నావల్ల కాలేదు. ఏడుపొచ్చింది. ముడిని పిడికిట్లో పట్టుకుని రోడ్డు మీదకొచ్చి, కనబడ్డ ఆటో ఎక్కాను.

"అమ్మవారి గుడికి. తొందరగా పోనివ్వన్నా, బళ్లు వెళ్లిపోతాయి."

ఆటో ఆయన అద్దంలో నన్ను చూశాడు. "గట్ల వణుకుతున్నవేందక్కా? షూటింగోళ్లా? ఫికర్ చెయ్యకు, గుమ్మడికాయ కొట్టేదాంక పోరు వాళ్లు. నేను రోజూ చూస్తనే ఉన్న."

ఆయన ఫికర్ చెయ్యకన్న కొద్దీ నాకు ఎక్కువైంది. చెక్‌పోస్టు దగ్గర లారీ అడ్డంగా ఆగింది. పిడికిలి విప్పి ముడి ఉందో లేదో ఎన్నిసార్లు చూసుకున్నానో లెక్కలేదు.

గుడి ముందు రెండు బస్సులు, మా వ్యాను, మేనేజర్ గారి కారు. గుమ్మడికాయ అప్పటికే పగిలి రోడ్డు మీద ఎర్రగా పడి ఉంది. డ్రైవర్లు నిమ్మకాయలు టైర్ల కింద పెడుతున్నారు. కాస్ట్యూమర్ గారు వ్యాను వెనక పెట్టెల తాళాలు లాగి చూస్తున్నారు. ఒకసారి లాగి, చేతులు దులుపుకుని, మళ్లీ వచ్చి లాగారు.

మేనేజర్ గారు నన్ను చూసి నుదుటి బొట్టు సర్దుకుంటూ వచ్చారు. "ఏంటమ్మా, నువ్వొచ్చావేంటి?"

పిడికిలి చాపాను. "ముక్కెర అండీ. నలభై ఒకటో సీనుది. లిస్టులో ఉండాల్సిందే. బాబాయ్ గారు చెప్పారు, నేను కొట్టాను కూడా. లోతు ఎక్కువైతే వదిలెయ్యమని ప్రోగ్రాములో నేనే రాశాను. రాసి మర్చిపోయాను."

"కంప్యూటర్‌లో తప్పులు రావన్నావు కదమ్మా?"

"తప్పు కంప్యూటర్‌ది కాదండీ. నాది."

అప్పుడు మేనేజర్ గారికి మొదటి షెడ్యూలు గుర్తొచ్చినట్టుంది. "అయితే ఆ రోజు కడియం..."

"అదీ నాదేనండీ. ఆయన మర్చిపోలేదు. రెండుసార్లూ ఆయన అడిగారు, నేనే లేదన్నాను."

యూనిట్ అందరి ముందూ తిట్టిన మనిషి కదా, అందరి ముందూ ఒక మాట అంటారని ఎదురుచూశాను. ఆయన చేతిగడియారం చూసుకున్నారు. "సరే, ఎక్కించండి. టైమైంది. నువ్వు రేపు ఆ ప్రోగ్రాము సంగతి చూడమ్మా," అని కారెక్కేశారు. నా ఉద్యోగం గురించి ఊసే లేదు. అరగంట సేపు నేను ఏ శిక్షకైతే వణికానో అది ఎవరి ఆలోచనలోనూ లేదు. మెషిన్ దగ్గర కూర్చున్నవాళ్ల పొరపాటుకు సరిచెయ్యమంటారు, మూటలు మోసేవాళ్ల పొరపాటుకు వయసైపోయిందంటారు. ఆ తేడా తల్చుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది.

కాస్ట్యూమర్ గారు నా చేతిలోంచి ముడి తీసుకున్నారు. విప్పి ముక్కెర చూసి, మళ్లీ ముడేశారు. వ్యాను మెట్టు మీద కూర్చుండిపోయారు. భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి తువ్వాలు తీస్తే కళ్లు తడిగా ఉన్నాయి, నోరు నవ్వుతోంది.

"అయితే నాకు మతి పోలేదన్నమాట."

"లేదండీ. క్షమించండి బాబాయ్ గారూ."

"మా ఆవిడ పేరు కూడా పొద్దున్నే లేచి ఒకసారి అనుకుంటున్నానమ్మా ఈమధ్య. ఉందో పోయిందో చూసుకోవడానికి." జేబులోంచి పొట్లం తీసి నా చేతిలో పెట్టారు. "ఇందులో పది రోజులకు సరిపడా ఉంది. చేదుగా ఉంటుంది, తేనెలో రంగరించుకో."

ఆ పొడి తిన్నాను. పది రోజులూ తిన్నాను. దేనికని అమ్మ అడిగితే అంతా చెప్పాను. చెప్పాక ఆ రాత్రి ప్రార్థనలో అమ్మ నా పేరుకన్నా ముందు ఆయన కోసం ప్రార్థించింది.

గుడి నుంచి వచ్చిన మర్నాడే ప్రోగ్రాము మొదటి నుంచి రాశాను. బీరువా తీసేశాను, వరుసల లెక్క తీసేశాను. చాప మీద కూర్చుని ఆయన మూట విప్పిన తీరు గుర్తుచేసుకుంటూ రాశాను. మూట విప్పు. వస్తువుంటే రాసుకో. మూట ఉంటే మళ్లీ ఇదే పని చెయ్యి. ఏమీ లేకపోతే ఆగు. నేను అంతగా భయపడ్డ ఫంక్షన్ పదిహేను లైన్లు కూడా కాలేదు. మెషిన్ బిగుసుకుపోలేదు. వాళ్లు వికారాబాద్ నుంచి తిరిగొచ్చాక ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కొత్త లిస్టు చదివితే, ఆయన ముడుల లెక్కా నా కాగితం లెక్కా సరిపోయాయి.

ఆయన ఉద్యోగం నిలిచింది. మరో రెండేళ్లు అక్కడే కలిసి పనిచేశాం, ఆ తర్వాత నాకు బ్యాంకులో పని దొరికి మానేశాను. చివరి రోజు బట్టల గదికి వెళ్లి చెప్పాను. ఆయన సంతోషించారు, స్వీటు తెప్పించారు. అది అందిస్తున్నప్పుడు చూశాను, చూపుడువేలికి ఎర్రదారం. కొత్త దారం, ఈమధ్యే మార్చినట్టుంది.

"బాబాయ్ గారూ, ఆ రోజే చెప్పాను కదండీ, మర్చిపోయింది మీరు కాదని."

"చెప్పావమ్మా. నమ్మాను కూడా." దారాన్ని బొటనవేలితో ఒకసారి తిప్పుకున్నారు. "విప్పుదామనే అనుకుంటాను. విప్పాక ఏదైనా మర్చిపోతేనో అనిపిస్తుంది."

ఆ మాట నాకు బాగా తెలుసు. రోజూ ఇంటి తాళం దగ్గర నాలో నేను అనుకునేదే. అది ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు, ముప్పై ఏళ్ల మద్రాసులో వచ్చింది కాదు. నేను అంటించిన జబ్బు అది.